పాత ట్రాలీకి ఏ ఏడాది మంచిది?

హైదరాబాద్ చిక్కడపల్లిలో సామాన్లు మోసే బండికి మూడే పేర్లు. మూడు చక్రాలుంటే ట్రాలీ ఆటో. నాలుగు చక్రాలుండి చిన్నగా ఉంటే టాటా ఏస్, ముందు ఏ కంపెనీ బిళ్ల ఉన్నా సరే. ఇంకాస్త పెద్దదైతే డీసీఎం. ఈ మూడో పేరు తమాషా అయింది. 1980ల మధ్యలో జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు రకాల చిన్న లారీలు మన రోడ్ల మీదికి వచ్చాయి: డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా, మన జహీరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ నిస్సాన్. డీసీఎం టయోటా 1990ల్లో దేవూ చేతికి పోయి కార్ల కంపెనీ అయింది. ఆ లారీని ఆఖరుసారి ఎప్పుడు చూశానో కూడా గుర్తు లేదు. పేరు మాత్రం చావలేదు. ఇవాళ్టికీ పేపర్లో ‘డీసీఎం బోల్తా’ అని పడితే, ఫొటోలో బోల్తా పడి ఉండేది చాలాసార్లు ఐషరే.

పేర్ల సంగతి ఎందుకెత్తానంటే, పాత బండి కొనేవాళ్ల తికమక ఇక్కడే మొదలవుతుంది. “ఏ మోడల్ కొనమంటారు సార్?” అని అడుగుతారు. మోడల్ అన్న మాటకి మన దగ్గర రెండర్థాలు. ఏ కంపెనీది, ఏ రకం అన్నది ఒకటి. ఏ సంవత్సరానిది అన్నది రెండోది. అమ్మేవాడు “2017 మోడల్” అంటాడు. అది 2017లో తయారైందా, 2016లో తయారై షోరూమ్ వెనక ఎండకి ఎండి 2017లో రిజిస్టరైందా అన్నది మనం అడగం. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం వేరుగా రాసి ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. 2017 విషయంలో ఆ దూరానికి చాలా విలువుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, ఈ మూడు పేటల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువేం కాదు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కి తెల్లవారకముందే బస్తాలు దిగాలి. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు పక్కపక్కనే ఉంటాయి. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే పుస్తకాల కట్టలు, మంచాలు, పరుపులు, బియ్యం బస్తాలు అన్నీ ఒక్కసారే కదులుతాయి. నారాయణగూడ వైపు ఫర్నిచర్, టెంట్ హౌసు సామాన్లు. వినాయక చవితి వచ్చిందంటే ధూల్‌పేట నుంచి విగ్రహం తేవడానికి ఒక బండి, ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్లడానికి ఇంకో బండి. పెద్ద లారీలకి పగలు నగరంలోకి ప్రవేశం లేదు కాబట్టి, సరుకు ఊరి బయట దిగి, అక్కడి నుంచి చిన్న బండ్ల మీదే లోపలికి రావాలి. నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉన్న రోజుల్లో కాగితం రీములు, బైండైన పుస్తకాలు మోయడానికి పాత బండ్లు మూడు కొన్నాను. ఒకటి బాగా పనిచేసింది. ఒకటి ఫర్వాలేదు. మూడోదాని గురించి చెప్పుకోవాలి.

ముందు అసలు బండి సంగతి. 2005 మేలో టాటా ఏస్ వచ్చేదాకా, ముప్పావు టన్ను సరుకు మోయాలంటే మూడు చక్రాల ఆటో ఒక్కటే దిక్కు. అది ఎక్కువ బరువేస్తే ముందు చక్రం లేపేది. దాని పైన అంటే పెద్ద పిక్కప్‌లకో, 1986 నుంచీ ఉన్న టాటా 407కో పోవాలి. ఈ రెంటికీ మధ్య ఖాళీలోకి ఏస్ దూరింది. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. సీటు ఎత్తితే ఇంజన్ కనిపిస్తుంది. 12 అంగుళాల చక్రాలు. 4.3 మీటర్ల టర్నింగ్ రేడియస్, అంటే అశోక్‌నగర్ గల్లీలో రివర్స్ చేయకుండానే తిరిగిపోతుంది. ధర రెండుంపావు లక్షల చుట్టుపక్కల. ఆటో నడిపేవాడు ఫైనాన్స్‌తో ఓనరైపోయాడు. అమ్మాయిని ఇచ్చేటప్పుడు ‘మూడు చక్రాలా, నాలుగు చక్రాలా’ అని అడిగేవాళ్లని ఆ రోజుల్లో అనుకునేవారు. వేళాకోళమే అయినా అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆ పాత ఏస్ ఇంజన్లో సెన్సర్లు, కంప్యూటర్ ఏమీ లేవు. పంపు, నాజిల్, గాలి, డీజిల్. అంతే. మన రాంనగర్ మెకానిక్ రెండు పానాలతో హెడ్ దించి సాయంత్రానికి ఎక్కించేస్తాడు. దాని జబ్బు కూడా అందరికీ తెలిసిందే. 750 కిలోలు మోయాల్సిన బండి మీద టన్నున్నర వేస్తే వేడెక్కుతుంది, గ్యాస్‌కెట్ పోతుంది. అది బండి తప్పు కాదు, బరువు తప్పు. పాత ఏస్‌లని ‘మొండి బండ్లు’ అనడానికీ, ‘అస్తమానం షెడ్డులోనే’ అనడానికీ ఇదే కారణం. రెండు మాటలూ నిజమే. ఏది నిజమన్నది మొదటి ఓనర్ ఏం మోశాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక అసలు లెక్క. చిన్న ట్రక్కుల విషయంలో సంవత్సరం ముఖ్యమయ్యేది వయసు వల్ల కన్నా పొగ నియమాల వల్ల. పాత బండ్ల మార్కెట్‌ని కొన్ని తేదీలు ముక్కలుగా కోశాయి. హైదరాబాద్‌తో కలిపి 13 పెద్ద నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచే బీఎస్-4, అంటే భారత్ స్టేజ్ పొగ నియమాల్లో నాలుగోది, అమల్లోకి వచ్చింది. మిగతా దేశంలో బీఎస్-3 సాగింది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు ఎక్కడా అమ్మకూడదు, అంతకుముందే అమ్ముడైనవి తప్ప రిజిస్టర్ చేయకూడదు అంది. ఆ చివరి రెండు రోజులూ దేశమంతా షోరూముల్లో జాతరే. డిస్కౌంట్లకి బండ్లు ఎగరేసుకుపోయారు. తర్వాత 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. దాని రెండో దశ 2023 ఏప్రిల్ నుంచి.

ఇప్పుడు ఆ ‘2017 మోడల్’ దగ్గరికి రండి. 2017 మార్చి 30న రిజిస్టరైన బండి, అదే ఏడాది మేలో రిజిస్టరైన బండి, రెండూ అమ్మేవాడి నోట్లో ఒకటే. కానీ మొదటిది బీఎస్-3 కావచ్చు, 2016లో తయారైంది కావచ్చు. రెండోది దాదాపుగా బీఎస్-4దే. బీఎస్-3 బండి పాడైపోయేదని కాదు. ఇంజన్ సంగతికొస్తే అదే సులువైనది. కానీ రేపు నియమాలు బిగిసినప్పుడు ముందు వేటు పడేది దాని మీదే. దిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లని 2018లో సుప్రీంకోర్టు రోడ్డెక్కనీయొద్దన్నాక ఏం జరిగిందో చూశాం. అక్కడ చెల్లని బండ్లు ఎన్ఓసీ పట్టుకుని దక్షిణాదికి దిగాయి. తక్కువ ధరకి కనిపించే బయటి రాష్ట్రపు బండి వెనక చాలాసార్లు ఇలాంటి ప్రయాణమే ఉంటుంది.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు ఒకసారి ఫోన్లో నవ్వాడు. “పెదనాన్నా, ఇక్కడ పెయింట్ వేసేవాడు కూడా ఎఫ్-250లో వస్తాడు. నువ్వు ముప్పావు టన్ను బండికి ఇంత పరిశోధన చేస్తున్నావు!” నేనూ ఊరుకోలేదు, అక్కడి సంగతులు కనుక్కున్నాను. ఫోర్డ్ పెద్ద పిక్కప్‌లలో 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఉన్నవాటికి, అంటే 1994 నుంచి 2003 దాకా వచ్చినవాటికి, ఇప్పటికీ గిరాకీ ఉంది. పొగ నియమాలు బిగిసేసరికి దాని స్థానంలో వచ్చిన 6.0 లీటర్ల ఇంజన్‌కి పొగని తిప్పి పంపే ఈజీఆర్ కూలర్లు, హెడ్ గ్యాస్‌కెట్లు పోయి కోర్టు కేసుల దాకా వెళ్లింది. 2008లో డీపీఎఫ్‌తో (అదేమిటో కిందే చెప్తాను) వచ్చిన 6.4 కూడా మంచి పేరు తెచ్చుకోలేదు. జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్‌లో 2001-2004 మధ్య బండ్లకి ఇంజెక్టర్ల గొడవ. అందుకే అక్కడ పాత బండి కొనేవాడు మైళ్లు చూడకముందే ఏ ఏడాది ఇంజన్ అని అడుగుతాడు. నియమం మారిన తొలి ఏడాదుల బండి అంటే వెనకాడతాడు. ఇంజన్ మనదానికి ఎన్నో రెట్లు పెద్దదైనా, ఆ జాగ్రత్త మనకీ పనికొచ్చేదే.

మన దగ్గర ఆ తొలి ఏడాదుల సమస్య ఎక్కువగా కనిపించేది బీఎస్-6 డీజిల్‌లో. పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసిని పట్టుకోవడం దాని పని. పట్టుకున్న మసిని అప్పుడప్పుడు అదే కాల్చేసుకోవాలి. అలా కాలాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, అంటే బండి ఆగకుండా కాసేపు వేగంగా పరుగెత్తాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ఆగకుండా పరుగెత్తిన బండి ఏదైనా ఉందా? సంధ్య థియేటర్ దగ్గర ఒకసారి, చిక్కడపల్లి మెట్రో కింద ఒకసారి, మధ్యలో డబుల్ పార్కింగ్ చేసినవాడి కోసం ఇంకోసారి ఆగాలి. రోజంతా రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులే. మసి కాలదు, పేరుకుపోతుంది. మీటర్ బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది. డ్రైవర్ దాన్ని పట్టించుకోడు. ఒకరోజు బండి శక్తి తగ్గించుకుని నత్తలా పాకుతుంది. అప్పుడు సర్వీస్ సెంటర్ బిల్లు. కొందరు ఆ జల్లెడని పీకేసి ఖాళీ గొట్టం పెడతారు. అది చట్టవిరుద్ధం, ఫిట్‌నెస్‌లో పట్టుబడుతుంది. అలాంటి బండిని మనకి అంటగట్టే ప్రమాదమూ ఉంది. అదే బండిని మొదటి ఓనర్ రోజూ జహీరాబాద్‌కో, సూర్యాపేటకో నడిపి ఉంటే ఈ జబ్బే ఉండదు. అంటే బీఎస్-6 డీజిల్‌లో ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండే, తక్కువ తిరిగిన బండి కన్నా మేలు కావచ్చు! మీటర్ చూసి బేరమాడే మన అలవాటుని ఇక్కడ తిరగెయ్యాలి.

రకాల విషయానికొస్తే, ముందు ఏస్ కుటుంబం. 2011లో వచ్చిన జిప్‌కి ఒకటే సిలిండర్. బరువు పని వద్దు, గుడ్లు, బ్రెడ్డు, పాల ప్యాకెట్ల వరకు సరే. మెగా పెద్ద ఇంజన్‌ది, 40 హార్స్‌పవర్. 2018లో వచ్చిన ఏస్ గోల్డ్‌లో బీఎస్-4 డీజిల్ పాత ఇంజన్ వంశమే. అందులో 2018 నుంచి 2020 మార్చి లోపు రిజిస్టరైన బండి దొరికితే, మిగతావి బాగుంటే, కళ్లు మూసుకుని కాకపోయినా ఒక కన్ను మూసుకుని తీసుకోవచ్చు. 2020లో అదే ఏస్ పెట్రోల్‌లో వచ్చింది: 694 సీసీ, 30 హార్స్‌పవర్. మైలేజీ తగ్గుతుంది, డీపీఎఫ్ బెడద ఉండదు. మన పేటల్లో తిరిగేవాళ్లకి బీఎస్-6లో నా ఓటు పెట్రోల్‌కే, సీఎన్‌జీ కిట్ కంపెనీదే అయితే ఇంకా మంచిది. ఒక్కటే ఇబ్బంది, భాగ్యనగర్ గ్యాస్ బంకుల ముందు క్యూ.

మారుతి సూపర్ క్యారీది ఇంకో కథ. 2016 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు దాంట్లో 793 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్. 1.2 లీటర్ల పెట్రోల్, సీఎన్‌జీ తర్వాత వచ్చాయి. 2020 ఏప్రిల్‌తో డీజిల్ ఆగిపోయింది. ఆగిపోయిన ఇంజన్ ఉన్న పాత బండి కొనడమంటే రేపటి స్పేర్ పార్ట్స్ కోసం ఇవాళే వెతుకులాట మొదలుపెట్టడం. పెట్రోల్‌ది మాత్రం నాలుగు సిలిండర్ల కారు ఇంజన్. కారు మెకానిక్‌కి బాగా తెలిసిన ఇంజన్, చప్పుడు తక్కువ. పుస్తకాలు, బట్టలు, హాస్టల్ సామాన్లు మోసేవాడికి దీన్ని మించింది లేదంటాను. ఇసుక, ఇనుము మోసేవాడికి మాత్రం చెప్పను.

మహీంద్రాలో 2010లో వచ్చిన మ్యాక్సిమోని దాటెయ్యండి. ఆ రోజుల్లో రెండు సిలిండర్లకి కామన్ రైల్ పెట్టి ముచ్చటగా చేశారు. ఇప్పుడది తయారు కావడం లేదు. దాని కంప్యూటర్ పోతే చూసేవాడిని వెతుక్కోవాలి. 2015లో వచ్చిన జీటో మన జహీరాబాద్‌లోనే తయారవుతుంది. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ లారీలు దించిన చోటు అది; 1989లో మహీంద్రా చేతికొచ్చింది. జీటో డీజిల్‌ది ఒకటే సిలిండర్, వణుకు ఎక్కువ. కొనేటప్పుడు ఇంజన్ పునాది రబ్బర్లు, బాడీ బోల్టులు చూసుకోవాలి. గల్లీలకి చక్కటి బండి.

బొలెరో పిక్కప్ మాట వేరు. పెద్ద బరువుల పిక్కప్ అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం మనసులో మొదట మెదిలేది ఇదే. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్, జీపు నుంచి వచ్చిన చాసిస్, పేరులోనే 1.3 టన్నులు, 1.7 టన్నులు అని రాసుకుంది. ఏ మండల కేంద్రంలో ఆగినా బాగుచేసేవాడు ఉంటాడు. అందుకే పాతదైనా ధర దిగదు. ఆ ధర చూసే నేను చాలామందిని ఆపాను. మీ పని చిక్కడపల్లి నుంచి కాచిగూడ దాకా అయితే బొలెరోకి డబ్బు పెట్టి దాని సగం శక్తిని గరాజ్‌లో పెట్టుకున్నట్టే. పైగా మా గల్లీల్లో అది తిరగాలంటే ఇద్దరు దిగి చేతులూపాలి. ఊళ్ల నుంచి మిర్చి, ధాన్యం తెచ్చేవాళ్లకి, టెంట్ హౌసు వాళ్లకి మాత్రం అదే సరైనది. 2022 ఆగస్టులో మ్యాక్స్ పిక్కప్ పేరుతో కొత్త వరస వచ్చింది. అవి ఇప్పుడిప్పుడే పాత మార్కెట్‌లోకి దిగుతున్నాయి. వాటి మీద తీర్పు చెప్పడం ఇంకా తొందరపాటే.

అశోక్ లేలాండ్ దోస్త్ ఏస్‌కీ, బొలెరోకీ మధ్యది. 2011లో నిస్సాన్ పొత్తుతో హోసూరులో మొదలైంది. ఒకటిన్నర లీటరు మూడు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్, టన్నుంపావు మోస్తుంది. పొత్తు తర్వాత విడిపోయింది కానీ లేలాండ్ బండిని వదల్లేదు కాబట్టి స్పేర్లకి లోటు లేదు. దీని గుట్టు ఇంజెక్టర్లలో ఉంది. కల్తీ డీజిల్ పడదు. పాత దోస్త్ కొనేవాడు ఇంజెక్టర్లు ఎప్పుడు మార్చారో, బిల్లు ఉందో లేదో అడగాలి. 2019 మేలో వచ్చిన టాటా ఇంట్రా కూడా ఈ వర్గమే. సౌకర్యంలో కారుకి దగ్గర. కాకపోతే 2020 తర్వాతి డీజిల్‌ది అయితే పైన చెప్పిన జల్లెడ కథ దానికీ వర్తిస్తుంది. టాటా 207, యోధల్లో మంచి బండ్లున్నాయి. మన పేటల్లో తక్కువగా కనిపిస్తాయి కాబట్టి వాటి జోలికి పోను.

ఇంకో రెండు మందల గురించి హెచ్చరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరి 21న ఇంటింటికీ రేషన్ పంచడానికి బండ్లు మొదలయ్యాయి. మొత్తం 9,260. అందులో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆగిపోయింది, బండ్లు నడిపినవాళ్లకే మిగిలాయి. అవి నెలలో కొన్ని రోజులే తిరిగాయి, బియ్యమే మోశాయి. నిజంగా అలాంటి బండి, కాగితాలు సరిగ్గా ఉండి, అప్పు తీరిపోయి ఉంటే వదులుకోవద్దు. రెండో మంద చెత్త బండ్లు. 2015 నుంచి జీహెచ్ఎంసీ స్వచ్ఛ ఆటో టిప్పర్లు గల్లీల్లో తిరుగుతున్నాయి. వాటి డబ్బా పీకేసి కొత్త బాడీ కట్టి రంగేస్తే పైకి ఏమీ తెలియదు. చెత్తనీళ్లు కారిన చాసిస్ మాత్రం లోపల్నుంచి తినేసి ఉంటుంది. కింద పడుకుని టార్చి వేసి చూడాల్సిందే.

నా మూడో బండి సంగతి చెప్తానన్నాను కదా. ఏ కంపెనీదో, ఎవరు అమ్మారో చెప్పను. 2021లో కొన్నాను. రంగు తళతళ, సీట్లు కొత్తవి, మీటర్‌లో కిలోమీటర్లు తక్కువ. పొద్దున పదకొండింటికి రమ్మన్నారు, వెళ్లాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఆనందంగా డబ్బిచ్చి తెచ్చాను. రెండు నెలలకి వైరింగ్ గొడవ మొదలుపెట్టింది. లైటేస్తే హారన్, హారన్ కొడితే వైపర్. మా మెకానిక్‌ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన డాష్‌బోర్డ్ విప్పి, వేలితో లోపల గీకి, నా అరచేతిలో ఎండిన మెత్తటి ఒండ్రు పోశాడు. “నీళ్లల్ల మునిగిన బండి సార్ ఇది. నాలా వాసన ఇంకా పోలే.” 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన గుర్తుందిగా. హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ పక్కనుంచే పోతుంది. ఆ వాన తర్వాత నగరమంతా మునిగిన బండ్లని కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి అమ్మారు. ఒకటి నా వంతుకొచ్చింది.

తర్వాత స్నేహితుడి కోసం బండి చూడ్డానికి భాయ్‌ని వెంటబెట్టుకెళ్లాను. ఆయన పద్ధతి చూడాలి. తాళం అడగలేదు. ముందు రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. “మనం రాకముందే నడిపిండ్రు. సల్లగైనంక సూద్దాం” అని పక్క హోటల్లో చాయ్ చెప్పాడు. గంటన్నర కూర్చున్నాం. అమ్మేవాడి ముఖం రంగు మారడం అప్పుడే చూశాను. చల్లారాక సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది, తెల్లటి పొగ. నడుస్తున్న ఇంజన్ ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టాడు, పొగ అరచేతికి కొడుతోంది. “బ్యాక్ కంప్రెషన్. బోరుకొచ్చింది.” మూత లోపల చాయ్ రంగు జిగురు అంటుకుని ఉంది. ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయన్నమాట, గ్యాస్‌కెట్ పని ఉంది. తర్వాత వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని కమాన్ పట్టీలు లెక్కపెట్టాడు. కంపెనీ ఇచ్చినదాని కన్నా ఒకటి ఎక్కువ! “ఒక పట్టీ ఎక్కువేసిండు అంటే, మోసిన బరువు గూడ ఎక్కువే.” ఆ ఒక్క మాటతో మీటర్, మోడల్, రంగు అన్నీ పక్కకి పోయాయి. చాసిస్ మీద వెల్డింగ్ మచ్చ ఉందేమో వేలితో తడిమాడు. వర్షాకాలంలో లోడ్ బాడీ నేలలో నీళ్లు నిలిచే మూల ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. రేకు లోపలికి పోయింది. లేచి చేతులు తుడుచుకుని, “పోదాం సార్” అన్నాడు. ఆ బండి 2019 మోడల్. దాని పక్కనే 2015ది ఒకటుంది. ఫొటో స్టూడియో వాళ్లు కెమెరా సామాను మోసింది. చివరికి దాన్నే కొన్నాం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎందుకంటే ఏజెంట్లు దాన్ని అవసరమైన దానికన్నా పెద్దది చేసి చెబుతారు. నంబర్ ప్లేటే ఒక పంచాంగం. హైదరాబాద్ బండికి ఏపీ ఉంటే 2014 జూన్‌కి ముందుది, టీఎస్ అయితే 2024 మార్చి దాకా, టీజీ అయితే ఆ తర్వాతది. ఏపీ 39 అయితే 2019లో గానీ ఆ తర్వాత గానీ ఆంధ్రలో రిజిస్టరైంది. ఎన్ఓసీ తీసుకుని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, ట్యాక్స్ కట్టాలి. ఆర్సీ మీద హైపోతికేషన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, 30. “బండి మీ దగ్గరుంది కదా, పేరు మెల్లగా మార్చుకోండి” అన్న మాటతో అమ్మినవాడూ మునిగాడు, కొన్నవాడూ మునిగాడు. లైసెన్స్ గురించి ఇక కంగారు లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది.

ఫిట్‌నెస్‌ని మాత్రం ధరలో కలిపి లెక్కేసుకోవాలి. రవాణా బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 2018లో రిజిస్టరైన బండికి 2026లో ఎనిమిదేళ్లు నిండుతాయి. పదిహేనేళ్లు దాటినవాటి రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. కాబట్టి 2014కి ముందటి ఏపీ నంబర్‌తో ఉన్న పాత ఏస్ ఎంత చవగ్గా వచ్చినా, ఇంట్లో వాడకానికి తప్ప కిరాయి తిప్పడానికి కొనకండి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే లెక్క. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో అని కొత్త బండి 3.99 లక్షల నుంచి మొదలైంది, 750 కిలోలు మోస్తుంది. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది ఇంత దిగాక పాతది కూడా దిగాలి కదా? అమ్మేవాళ్లు ఆ సంగతి ఎత్తరు. ఐదారేళ్ల పెట్రోల్ ఏస్‌కి కొత్తదాని ధరలో మూడొంతుల్లో రెండొంతులు అడిగితే నేనైతే లేచి వచ్చేస్తాను. పాత బండి అప్పుకి వడ్డీ కూడా కొత్తదానికన్నా ఎక్కువే పడుతుంది. బ్యాటరీ బండ్ల విషయం వేరు. ఏస్ ఈవీ 2022 మేలో ప్రకటించారు. పాతదాన్ని కొనాలంటే బ్యాటరీ వారంటీ రెండో ఓనర్‌కి మారుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే వద్దు.

నా తీర్పు ఇది. ఈ మూడు పేటల్లోనే తిరిగే పనికి 2020 తర్వాతి పెట్రోల్ లేదా కంపెనీ సీఎన్‌జీ. సూపర్ క్యారీ మొదట, ఏస్ గోల్డ్ తర్వాత. డీజిలే కావాలంటే 2018-2020 మార్చి మధ్య బీఎస్-4 ఏస్ గోల్డ్, లేదా దోస్త్. ఊరు దాటి బరువులు తెచ్చేవాడికి బొలెరో, అందులోనూ హైవే మీద తిరిగింది. 2017 మార్చి రిజిస్ట్రేషన్ ఉన్నదైతే తయారీ నెల చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అమ్మేవాళ్లు పదకొండింటికి రమ్మంటే సరే అనండి. ఆరున్నరకే వెళ్లి, ముందు రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి.